ఎర్రబడ్డ దూది, బెదరని మోతి

సంఘంల కూసున్న అన్నలారా, అక్కలారా, పొద్దుగాల లేచి బండ్లు కట్టుకొని దూరం నుంచి వచ్చిన సహోదరులారా, ప్రభువు పేరిట మీ అందరికి నా వందనాలు. నా పేరు మార్తమ్మ, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల పత్తి ఏరే పని చేస్తా. అయ్యగారు నన్ను జరసేపే మాట్లాడుమన్నరు, నేను నోరు తెరిస్తే మిల్లు మిషినే అని ఆయనకు ఎరుకే, అయినా నిలబెట్టిండ్రు, ఇగ నా తప్పేం లేదు! నా దేవుడు మా ఇంటికి చేసిన మేలు సగం చెప్పి కూసునుడు నాతోని కాదు.

అప్పుడు మా ఇల్లు చీకటి ఇల్లు. మా ఆయన పేరు పోశం. పెనిమిటి పేరు చెప్పుడు మా దిక్కు అలవాటు లేదు గానీ, దేవుని ముంగట సాక్ష్యం చెప్పుకుంట పేరు దాచుడేంది? ఆయన కరీంనగర్ దిక్కు పల్లెల పుట్టిండు, నిజాం జమానల దొర గడిల వెట్టి చేసిండు, దొర గుర్రాలకు గడ్డి ఏసుడు, నీళ్లు పెట్టుడు, దొరకు కోపమొస్తే గుర్రాన్ని కొట్టే కొరడాతోనే దెబ్బలు తినుడు. పోలీస్ యాక్షన్ అయినంక దొర పట్నం ఉరికిపోయిండు, ఈయన గిటు ఆదిలాబాద్ వచ్చి ఒక పత్తి సేటు దగ్గర గుర్రాల పనికి కుదిరిండు. పెండ్లయిన కొత్తల ఆయన వీపు చూసిన, నాగలి పెట్టి దున్నిన చెల్క తీరుగ ఉండె, చూసి ఏడ్చిన. ఏడ్వకు, గా ముచ్చట మళ్ల ఎత్తకు అని కసిరిండు. నేనూ ఎత్తలే.

మా దిక్కు సేట్లు పత్తి బేరాలు అయిపోయినంక, ఎండలు ముదరకముందు, ఊరవతల మైదానంల గుర్రాల పందెం పెడుతుండె. చాందా నుంచి, వార్ధా నుంచి గూడ గుర్రాలు వస్తుండె. మా సేటుకు మోతి అని ఎర్రమట్టి రంగు ఆడగుర్రం ఉండె, నుదుట తెల్లబొట్టు, చూస్తే ముద్దొచ్చేది. పందెంల దాన్ని ఎక్కేది మా ఆయనే. ఎక్కిండంటే ఇగ ఆయన మనిషి కాదు! కొరడా ఆడుతనే ఉంటుండె, ముందటి గుర్రాన్ని దాటినంక గూడ కొడుతుండె, గెలుపు గీత దాటినంక గూడ కొడుతుండె, ఎవరి మీది కోపమో ఆ నోరులేని జీవం మీద తీర్చుకుంటుండె.

ఆ పందేనికి పెద్దమనుషుల పంచ్ ఒకటి ఉంటుండె. వాళ్లల్ల పెద్ద కరీం సాబ్, నిజాం రిసాలాల గుర్రాల కొలువు చేసిన ముసలాయన. దూది పండే ఊరు కదా, ఆయన పెట్టిన రివాజు గూడ దూదితోనే. పందెం అయిపోంగనే ఉరికిన ఒక్కో గుర్రానికి పిడికెడు కొత్త దూది తీసుకొని భుజం కాడికెంచి తొడ దాక రుద్దుతడు. దూది తెల్లగ వస్తేనే గెలిచినోని తలకు పట్టు రుమాలు చుడుతరు. ఎర్రగ వస్తే కొరడా హద్దు దాటినట్టు, గెలుపు చెల్లది, వచ్చే సాలు, అంటే వచ్చే ఏడు, పందెంల గుర్రమెక్కొద్దు. మళ్లొకసారి ఎర్రగైందా, ఇగ జన్మల ఎక్కొద్దు.

ఆ ఏడు మా ఆయన అందరికన్న ముందు వచ్చిండు. మైదానమంత ఒకటే అరుపులు, నేను మిల్లు ఆడోళ్లతోని నిలబడి చూస్తున్న, కరీం సాబ్ దూది రుద్ది పైకి ఎత్తి చూపెట్టిండు, అది నెత్తురుతోని తడిసి ఉండె. సాబ్ చెయ్యి లేవంగనే మోతి వెనుకకు గుంజుకొని గజగజ వణికింది, ఎవరి చెయ్యి లేచినా అది గంతే. సాబ్ మా ఆయనను చూసి మెల్లగ అన్నడు, "పోశం, గీ గుర్రం గెలుద్దామని ఉరకలే. నీకు భయపడి ఉరికింది."

ఇగ ఇంట్ల చూడాలె మా గతి! సేటు పనిలకెంచి తీసెయ్యలే, దాణా మాలీష్ చూసుకో అన్నడు, గానీ పందెం ఎక్కేటోడు ఒక్కసారి దాణా పెట్టేటోడు అయిపాయె, ఆ సిగ్గుకు సారా మొదలువెట్టిండు, నాతోని మాట బందువెట్టిండు. కొరడాను మాత్రం తెచ్చి నా దీపం గూటి పక్కన గోడ మొలకు తలిగేసిండు, నేను అన్నం వండినా దాని కిందనే, పండుకున్నా దాని కిందనే. ఒకనాడు పొద్దుగాల మోతి పుండ్లకు జర పసుపు నూనె పెట్టరాదు, ఈగలు ముసురుతున్నయి అన్న. గంతే, మొల మీది కొరడా చేతిలకు వచ్చింది, చెయ్యి లేచింది. కొట్టలే సహోదరులారా, నా దేవుడు ఆ చెయ్యిని పైననే ఆపిండు! కానీ ఆ చెయ్యి కింద నేను మోతి వణికినట్టే వణికిన, అది ఆయన చూసిండు. కొరడా ఆడనే పడేసి బయటికి పోయిండు.

నేను మా అవ్వ నాటికెంచి ప్రభువును నమ్ముకున్నదాన్ని. అప్పటిదాక నా ప్రార్థన ఏందంటే ఆయన్ని గుడికి తీసుకరా తండ్రీ, నా పక్కన కూసోవెట్టు తండ్రీ, గిదే. ఆనాటికెంచి నా ప్రార్థన మారింది. మిల్లుల పత్తి ఏరుకుంట పెదవులు కదుపుతుంటే మా పని చూసే ముకద్దం వచ్చి ఎవరిని తిడుతున్నవే అని నన్నే తిడుతుండె, తిడితే తిట్టిండు, నేను ఆపలే. "ప్రభువా, గీయన చేతిలకెంచి ఆ కొరడాను నువ్వే గుంజుకో. పంచ్ ఆపితే చెయ్యి ఒక సాలు ఆగుతది, లోపలి మంట ఆగది. ఆ మంట ఎవరు పెట్టిండ్రో నీకు ఎరుకే, ఆర్పుడు గూడ నీ పనే తండ్రీ" అని ఏడ్చుకుంట అడిగిన.

మన దేవుడు ఎట్ల జవాబిచ్చిండో ఇనుండ్రి! శుభ శుక్రవారం నాడు నేను తలుపుకు తాళమేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకొని గుడికి వచ్చిన. ఆయన పొద్దెక్కినంక ఇంటికి వస్తే తలుపు తీసే దిక్కు లేదు, కోపం కోపంగ తాళంచెవి కోసమని ఇదిగో గీ గుమ్మం దాక వచ్చిండు. నేనేమో ముందు వరుసల ఉన్న, ఆడోళ్ల నడిమికెంచి పిలువడానికి మొహమాటపడి అక్కడనే నిలబడిపోయిండు. ఆనాడు అయ్యగారు ప్రభువును స్తంభానికి కట్టేసి కొరడాలతోని ఎట్ల కొట్టిండ్రో చెప్తున్నరు. మేమంత కొంగులు కండ్లకు అద్దుకుంటున్నం, గానీ సహోదరులారా, ఆ గుడిల కొరడా దెబ్బ అంటే ఏందో తన పెయ్యికి, తన తోలుకు తెలిసినోడు ఒక్కడే, ఆయన గుమ్మం కాడ ఉన్నడు.

నడిమిట్ల ఆయన గొంతు ఇనవడ్డది. "అయ్యా, గా దేవుని వీపు మీద గూడ మచ్చలు ఉన్నయా?"

అందరు వెనుకకు మలిగి చూసిండ్రు, నాకైతే ప్రాణం పోయినట్టయింది, ఏం గొడవ చేస్తడో అని. అయ్యగారు పుస్తకం పక్కకు పెట్టి, "ఉన్నయి నాయినా. నువ్వు తిన్న దెబ్బ ఎట్ల ఉంటదో ఆయనకు ఎరుకే" అన్నరు. మరి కొట్టినోళ్లను ఏం జేసిండని అడిగిండు మా ఆయన. వాళ్లను క్షమించుమని తండ్రిని బతిలాడిండు అని అయ్యగారు చెప్పిండ్రు. ఇగ ఆయన తాళంచెవి అడుగలే, మర్రిపోయిండు.

ఆరాధన అయినంక నేను సేటు గుర్రాల కొట్టం దాక ఉరికిన. మోతి పక్కన మోకాళ్ల మీద కూసున్నడు, పసుపు నూనె గిన్నె చేతుల ఉన్నది, ఏడుస్తుండు. ఆయన ఏడ్చుడు నేను గదే మొదలు చూసుడు. నన్ను కొట్టిన దొర చెయ్యి నాకే వచ్చింది మార్తా, ఆ దొర పట్నం పోలే, నా భుజంల ఉన్నడు అన్నడు. నేను పోయి పక్కన కూలబడ్డ. అప్పుడు ఆయనే నోరు తెరిచిండు. "దేవా, నాకు ప్రార్థన రాదు. నా వీపు నీకు ఎరుకే, గీ మోతి పెయ్యి గూడ నీకు ఎరుకే. నా చెయ్యిని పట్టుకో, ఇడవకు." నేను చిన్ననాటికెంచి ఎన్ని ప్రార్థనలు ఇన్ననో, అసుంటిది ఇనలే!

కొరడాను తీసుకపోయి సేటు ముంగట పెట్టిండు. కొరడా లేకుంట గుర్రమెట్ల ఉరుకుతది, యేడా అయినవా, పిచ్చి లేసిందా అని సేటు నవ్విండు. మరి మోతికేం తెలుసు ఈయన మారిండని? చెయ్యి లేస్తే సాలు, గోడకు అంటుకపోయి వణుకుతుండె. అందుకని రోజు పొద్దుగాల మా ఆయన కొట్టేటప్పుడు ఎత్తినట్టే చెయ్యి ఎత్తి, గా గుప్పిట్ల బెల్లం ముక్క పెట్టుకొని నిలబడుతుండె. ఎన్నాళ్లు నిలబడ్డడో! మోతి రాదు, ఈయన దించడు. ఒక్కోనాడు పాత కోపం లేస్తే పోయి తొట్టి నీళ్లల్ల తలకాయ ముంచుకొని వస్తుండె, నేను చూసి నవ్వుతే నాకు గూడ ముంచుతా అని బెదిరిస్తుండె. ఎత్తిన చెయ్యి కాడికి మోతి తనంత తానే మెడ చాపి బెల్లం అందుకున్ననాడు మిల్లు దాక ఉరికొచ్చి, ముకద్దం ముంగటనే నాకు చెప్పిండు. సారా ఎప్పుడు మానిండో నాకు యాదికే లేదు, అదే పోయింది.

మానుమన్న సాలు పందెం పోయింది, ఆ మీది సాలు వచ్చింది. మా ఆయన ఉత్త చేతులతోని మోతిని ఎక్కిండు, జనమంత నవ్విండ్రు. గెలువలే గానీ రెండోది వచ్చింది, దానికే నేను గంతులేస్తున్న. కరీం సాబ్ దూది తీసుకొని మోతి పెయ్యంత రుద్ది చూసుకున్నడు. దూది ఎర్రగున్నది!

అయ్యో సహోదరులారా! రెండోసారి ఎర్రగైతే ఇగ జన్మల ఎక్కొద్దు కదా. గుప్పిట్ల ఇనుప మొల దాచుకొని పొడిచిండు అని ఎవరో అరిచిండ్రు, అందరు అందుకున్నరు. మా ఆయన మెడ నరం ఉబ్బింది, నాకు ఎరుకే ఆ నరం సంగతి. "ప్రభువా, దూది ఎర్రగైతే అయింది, ఆయన కండ్లు మాత్రం ఎర్రగ కానియ్యకు. గుర్రం పోతే పోనియ్యి, మనిషిని మాత్రం నాకు ఉంచు" అని అక్కడనే మొక్కుకున్న. మా ఆయన రెండు చేతులు తెరిచి చూపెట్టి, "సాబ్, నేను కొట్టలే. మీ తీర్పు మీది, ఏమన్నా ఒప్పుకుంట" అన్నడు, అని మోతి మెడ నిమురుకుంట నిలబడ్డడు. గొంతు పెంచలే, తల దించలే. నాకు అప్పుడే తెలిసింది, తీర్పు ఎట్లవోయినా నా దేవుడు గెలిచిండని.

కరీం సాబ్ ఇంకో స్వారీ చేసేటోని చేతిల కొరడా అడిగి తీసుకున్నడు. మోతి కండ్ల ముంగట సర్రున పైకి ఎత్తిండు. వణుకుతదని అందరు చూస్తుంటే, మోతి ఒక్క అడుగు ముందుకేసి, మెడ చాపి, ఆ ముసలాయన గుప్పిట్ల బెల్లం కోసం మూతివెట్టి ఎతుకబట్టింది! సాబ్ పిడికిలి ఇప్పి చూపెడితే గూడ నమ్మలే, నాకుడే నాకుడు. సాబ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నీళ్లు తెప్పించి మోతి పెయ్యి కడిగించిండు, కారిందంత ఎర్ర గులాల్ పొడి. పందేనికి ముందు మంచి జరగాలెనని మా సేటే తమ మరాఠీ రివాజు ప్రకారం పిడికెడు చల్లిండట, ఎర్రమట్టి రంగు పెయ్యి మీద ఎవ్వరికి కనవడలే, చెమటకు తడిసి దూదికి అంటుకున్నది. కడిగినంక ఆ పెయ్యి మీద ఒక్క గీత లేదు. "దూది తప్పు చెప్పింది, గుర్రం చెప్పలే" అన్నడు కరీం సాబ్. రెండోది వచ్చినోనికి రుమాలు ఉండదు, మేము ఉత్త తలతోనే ఇంటికి వచ్చినం, తొవ్వంత నవ్వుకుంట వచ్చినం!

ఆ ఎండాకాలమే ఆయన బాప్తిస్మం తీసుకున్నడు, వాగుల అంగీ ఇప్పి నిలబడ్డడు, అంతమంది ముంగట ఆ వీపు చూపెట్టుడు గదే మొదలు. ఇప్పుడు కరీం సాబ్‌కు కండ్లు ఆనుత లేవు, దూది రుద్దే పని మా ఆయన చేతులనే పెట్టిండు. మొన్నటి పందెంల ఒక పడుచు పిలగాని దూది ఎర్రగ వచ్చింది, కడిగినా ఎర్రగనే ఉన్నది. రివాజు రివాజే, వచ్చే సాలు ఎక్కొద్దని మా ఆయన అందరి ముంగట చెప్పిండు. చెప్పి ఊకోలే, వాన్ని పక్కకు తోలుకపోయి, అంగీ ఇప్పి, మలిగి నిలబడి, వాని చెయ్యి తీసుకొని తన వీపు మీద పెట్టుకున్నడు. కొరడా తిన్నోనికి ఎట్లుంటదో చెయ్యి పెట్టి చూడు బిడ్డా అన్నడు. వాడు చెయ్యి తీసుకోలేకపోయిండు.

ఆ పిలగాడు ఇయ్యాల గుమ్మం కాడ నిలబడి ఉన్నడు. ఎవ్వరు మలిగి చూడకుండ్రి, సిగ్గుపడి పోతడు! మా ఆయన గూడ గక్కడనే నిలబడ్డడు కదా. అమ్మలారా, అయ్యలారా, ఎవరి దెబ్బ మీ పెయ్యిల ఉన్నదో, ఏ కోపం మీ చేతిల ఉన్నదో నాకు తెల్వది, నా ప్రభువుకు తెలుసు, దెబ్బలు తిన్న ప్రభువు ఆయన, ఆయన చేతిల పెట్టుండ్రి, ఆయన ఎత్తిన చేతిల మనకు బెల్లమే ఉంటది. ఈ మేలు చేసిన తండ్రికే మహిమంత చెల్లాలె. భక్తితోని వస్తరో, కోపంతోని వస్తరో, తాళంచెవి కోసమే వస్తరో, జర లోపలి దాక రాండ్రి బిడ్డలారా.