క్రిస్మస్ తాత గుమాస్తా పోచన్న

పోయిన ఏడు కన్నుమూసిన పోచన్నకు రెండు కొలువులుండేవి. వారమంతా మస్కట్ దగ్గరి రుసైల్ గోదాములో పెట్టెలకు టేపు వేయడం, డిసెంబరు శుక్రవారాల్లో క్రిస్మస్ తాత తరఫున పిల్లలకు జవాబులివ్వడం.

అక్కడే అల్ హైల్ పేటలో ఉండే సీతాదేవిగారి సేవాసమితి మస్కట్ కూలీలు ఊళ్ళో వదిలొచ్చిన పిల్లల చేత తాతకు ఉత్తరాలు రాయించేది. మొదటి ఏడు ఆరొచ్చాయి. ఆవిడ ఒక్కోదానికి ఏడ్చి, స్వయంగా జవాబు రాశారు. మరుసటి ఏడు నలభై వచ్చేసరికి జవాబును అచ్చు వేయించారు: "బాగా చదువుకో, అమ్మ మాట విను." దానికో జామెట్రీ బాక్సు జత. పైన పిల్లల పేర్లు రాయడానికి గుండ్రటి చేతిరాత ఉన్న పోచన్నను పట్టుకొచ్చారు.

మరో మూడేళ్ళకు నాలుగో తరగతి నవీన ఉత్తరం వచ్చింది. "తాతా, బాక్సులు మూడైనయి, ఇగ వద్దు. మా నాన్న పైసలు పంపుతుండు గని వీడియోల కనపడ్తలేడు. బతికే ఉన్నడా?"

ఆ నాన్న భూమేశ్, హమ్రియాలోని కూలీల రూములో పోచన్న పక్క మంచం మనిషే. ఆగస్టులో మిషను కింద కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. అప్పటి నుంచి ఇంటికి ముఖం చూపించడం లేదు.

"అమ్మా, గీ పిల్లకు వేరే జవాబు రాయాలె," అన్నాడు పోచన్న.

"ఒక్కదానికి వేరేగా రాస్తే మిగతా పిల్లలకి అన్యాయం కదూ?" అన్నారు సీతాదేవి.

"తీర్మానం కావాలండీ. మీటింగు ఫిబ్రవరిలో," అన్నారు కార్యదర్శి విశ్వేశ్వరరావు.

పోచన్న ఉత్తరం జేబులో పెట్టుకుని రూముకు పోయాడు. భూమేశ్ చదివి గోడవైపు తిరిగాడు.

"నా చెయ్యి సూస్తే బుగులుపడ్తదన్నా."

"సచ్చినవనుకుంటుందిరా. అంతకంటె బుగులేముంటది? రాయి."

"వేళ్ళేయి రాయనీకి?"

"ఎడమ చెయ్యి ఏం డ్యూటీ చేస్తుంది, కూసొని తింటుందా?"

అచ్చు కాగితం వెనక భూమేశ్ గంటసేపు గీశాడు. 'బిడ్డా, మంచిగనే ఉన్న. రెండు వేళ్ళు పోయినయి. శుక్రారం వీడియో చేస్త.'

కవర్ల తనిఖీలో ఆ కాగితం సీతాదేవి కంటపడింది. "ఇదేం రాత? తాత పరువేం కాను!"

"ఎనభై ఏండ్ల ముసలోడమ్మా, చెయ్యి వణకదా?" అంటూ పోచన్న దాన్ని తీసుకుని ఆవిడ ఎదుటే కవరు అంటించి, ఊరికి పోయే మనిషి సంచిలో వేశాడు. మరుసటి ఏటి నుంచి పేర్లు కూడా అచ్చులోనే వచ్చాయి. పోచన్నకు కబురు రాలేదు.

ఆ ఏడు కవరు చేరిన శుక్రవారం భూమేశ్ ఫోను పట్టుకున్నాడు, కుడిచేయి దుప్పటి కింద దాచి.

"చెయ్యి సూపియ్యి నాన్నా," అంది నవీన.

మెల్లగా బయటికి తీశాడు. నవీన తెర మీదికి వంగింది.

"ఇంకింత దగ్గర పెట్టు. మంచిగ కనపడ్తలేదు."