పలుపు మాత్రం ఇవ్వం

నా చిన్నప్పుడు మా వైపు గొడ్డును అమ్మినవాళ్లు పలుపు ఇచ్చేవాళ్లు కాదు. పలుపంటే గేదెకో ఎద్దుకో మెడలో వేసే తాడు. కొన్నవాళ్లు తమ పలుపు తామే తెచ్చుకుని, అది మెడలో వేశాక పాతది విప్పి అమ్మినవాళ్ల చేతికిచ్చి, గొడ్డును తోలుకుపోవాలి. బేరం ఎంత బాగా కుదిరినా, కొన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా ఇదే పద్ధతి. పలుపు పోతే దాంతోపాటు కొట్టంలో కళ కూడా పోతుందనేవాళ్లు. గేదెలు వచ్చేవి, పోయేవి, నేను ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. మా నాయనమ్మ ఒక కుక్క విషయంలో ఆ పద్ధతి పట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం పట్టించుకోక తప్పలేదు.

మాది నల్లపాడుకు దగ్గర్లోని పల్లెటూరు. మిరప, పత్తి వేసేవాళ్లం. ఆ ఏడు మొదటి కోత మిరపకాయను ఇంటి పక్కనే ఉన్న కల్లంలో ఆరబోసిన రోజుల్లో ఒక ఆడకుక్క కుంటుకుంటూ వచ్చి, కాయ పక్కన నీడలో పడుకుంది. గోధుమరంగు, ఒక చెవి మడతపడి ఉండేది. ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. కాలిలో దిగిన తుమ్మముల్లు నాయనమ్మ తీసి పసుపు అద్దింది, ఇంత అన్నం కలిపి పెట్టింది. ఇక అది కల్లం వదల్లేదు. రాత్రుళ్లు పందులు రాకుండా కాపలా కాస్తుందని నాయనమ్మ దాని మెడలో ఒక పాత దూడ పలుపు వేసి గుంజకు కట్టింది.

చిక్కంతా మా తాతయ్యతోనే. ఆయనకు చిన్నతనంలో పిచ్చికుక్క కరిచి, బొడ్డు చుట్టూ సూదులు పొడిచారట. పాము ఎదురైనా నిలబడే మనిషి, కుక్క కనిపిస్తే పక్కగట్టు ఎక్కేవాడు. నాయనమ్మ మాట తీసెయ్యలేక ఒప్పుకున్నాడు గానీ గడువు పెట్టాడు. "కల్లం ఎత్తేదాకా ఉండనియ్యి. ఆ తర్వాత నా కంటికి కనపడకూడదు" అన్నాడు. కంటికి కనపడకుండా చేయడమంటే మా ఊళ్లో ఒకటే అర్థం. గోతంలో వేసి మూతి కట్టి, రైలుపట్టాల అవతల విడిచిపెట్టి రావడం. అలా విడిచిన కుక్కలు ఏమయ్యేవో అందరికీ తెలుసు, దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

అంచేత కల్లం ఎత్తేలోగా దానికో ఇల్లు చూడాలి. నాయనమ్మ వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ చెప్పి ఉంచింది. నేను దానికి పేరు పెడతానంటే ఒప్పుకోలేదు. పేరు తీసుకెళ్లేవాళ్లు పెట్టుకోవాలి, మనం పెడితే అది మన పేరు కోసం వెనక్కి చూస్తూ ఉంటుందంది. నేను దొంగచాటుగా కూడా పెట్టలేదు, ఆవిడంటే నాకంత భయం.

కుక్క కావాలని మొదట అడిగింది కాయ బస్తాలు తీసుకెళ్లే లారీ డ్రైవరు. మంచివాడే. దాని వీపు నిమిరి, చక్కగా ఉందని మెచ్చుకుని, "తాడు ముక్కేదైనా ఉంటే ఇయ్యమ్మా, ఎక్కించుకుపోతా" అన్నాడు. వెనక కొట్టం గోడకు పలుపులు వేలాడుతూనే ఉన్నాయి. నాయనమ్మ వాటివైపు చూడనైనా చూడకుండా, "తాడు తెచ్చుకో నాయనా, నీ కోసం ఉంచుతా" అంది. రేపొస్తానని వెళ్లినవాడు మళ్లీ కుక్క మాట ఎత్తలేదు. ఊళ్లో ఇంకో ఇద్దరు ముగ్గురిదీ అదే వరస. కల్లంలో కాయ తరుగుతోంది, టిక్కీలు నిండుతున్నాయి. టిక్కీ అంటే మిరపకాయ తొక్కి నింపిన గోతం. ఒక్కో టిక్కీ కుట్టినప్పుడల్లా మిగిలిన కాయ ఎంతుందో చూసుకునేదాన్ని. ఒక తాడు ముక్క కోసం ఇంత పంతమేమిటని నాయనమ్మ మీద ఒళ్లు మండేది.

అలాంటప్పుడు మా మేనమామ వచ్చాడు. పత్తి నిలవ చేసే కొట్టు ఉంది ఆయనకు, కాపలాకు కుక్క కావాలన్నాడు. నేను గంతులేశాను. మేనమామ ఇల్లంటే నేను వెళ్లి చూడొచ్చు కదా. ఆయన కూడా అదే అడిగాడు, తాడేదీ అని. నాయనమ్మ కూడా అదే చెప్పింది. "నీ పలుపు తెచ్చుకుని రా అబ్బాయ్, అప్పుడు తోలుకెళ్దువు."

"కుక్కకి పలుపేంటి అత్తయ్యగారూ, ఇదేమన్నా పాడిగేదా?" అని ఆయన నవ్వాడు గానీ ముఖం మాడింది. వియ్యాలవారి మనిషికి తాడు ముక్క లేదనడం చిన్న సంగతి కాదు. మా అమ్మ వంటింటి గడపలో నిలబడి నేల చూసింది. కుక్క ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తున్న తాతయ్య, "కల్లంలో తాడే కరువైందా ఏంటి" అంటూ టిక్కీలకు కట్టే పురికొస పేటలు వేసి దాని మెడకు కట్టాడు. నాయనమ్మ తన పలుపు విప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

మామ తోలుకెళ్లిన కుక్క పొద్దుగూకే వేళకు తిరిగొచ్చింది. మెడలో కొరికిన పురికొస వేలాడుతోంది. నోరంతా వాచి, చొంగ కారుతూ, మూతిని నేలకేసి రుద్దుకుంటూ వచ్చి గేదెల తొట్టిలో ముఖం ముంచేసింది. ఆ పురికొస సీజనంతా మిరపకాయ మధ్యే ఉంది మరి, పోగు పోగుకీ కారం పట్టి ఉంది. మిరపలోనే పుట్టి పెరిగిన మాకెవరికీ అది తట్టలేదు. మా చేతులకు ఆ మంట అలవాటే. నాయనమ్మ మజ్జిగ తెచ్చి, దాని తల ఒళ్లో పెట్టుకుని, నోరు మళ్లీ మళ్లీ కడిగింది. అది మూలుగుతూనే ఉంది. తాతయ్య దూరంగా నిలబడి చూశాడు. గిన్నె ఖాళీ అయ్యాక, "ఇంకా మజ్జిగ కావాలా?" అని అడిగాడు. ఆయన కుక్క కోసం మాట్లాడిన మొదటి మాట అదే. గడువు మాత్రం మార్చలేదు.

ఆ పూట నాయనమ్మ తనంతట తనే నాతో చెప్పింది. "తాడు తెచ్చుకున్నోడు ఇంటికాడే అనుకుని వచ్చినట్టు. ఎక్కడ కట్టాలో, ఏం పెట్టాలో చూసుకునే వచ్చుంటాడు. దారిలో చూసి ముచ్చటపడ్డోడికి దారిలోనే ముచ్చట తీరిపోద్ది. మీ మామ చెడ్డోడు కాదులే. ముందే అనుకుని రాలేదు, అంతే."

చివరి టిక్కీ కుట్టిన మర్నాడు కోత కూలీలు తమ ఊళ్లకు బయల్దేరారు. వాళ్లు కనిగిరి వైపు నుంచి ఏటా వచ్చి, చేల గట్టున గుడిసెలు వేసుకుని కాయ కోసేవాళ్లు. లారీలో మూటలు వేస్తుండగా వాళ్లలో ఒకావిడ మా కల్లంలోకి వచ్చింది. సీజనంతా ఆవిడ ఆ కుక్కను దువ్వడం నేనెన్నడూ చూడలేదు. కొంగు చాటు నుంచి ఒక తాడు తీసింది. పాత చీర చింపి పేనినది, మెత్తగా ఉంది.

"మాకు మేకలుండాయి అవ్వా, నక్కల బాధ ఎక్కువ. మా ఆయన్ని అడిగినా, సరేనన్నాడు. నువ్వు తాడియ్యవంట గదా, పేనుకున్నా" అంది.

నాయనమ్మ ఆ తాడును వేళ్ల మధ్య నలిపి చూసింది, వాసన చూసింది. తనే దాని మెడలో వేసి, బిగుసుకోకుండా ముడి వేసింది. తర్వాత మా పలుపు విప్పింది. లారీలో మూటల మధ్య కూర్చున్న కుక్క ఊరి మలుపు దాకా మావైపే చూసింది. పేరు లేకపోయినా చూసింది. ఆ ఒక్క విషయంలో నాయనమ్మ లెక్క తప్పింది. తాతయ్య కల్లం అంచున నిలబడి, లారీ దుమ్ము అణిగేదాకా కదల్లేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నాయనమ్మ ఓదార్చలేదు. పలుపు నా చేతిలో పెట్టి, "పోయి మేకుకి తగిలించు. ఇంకోటి వస్తే కావద్దూ" అంది.

ఇప్పుడు నేను పట్నంలో, బ్రాడీపేటలో ఉంటున్నాను. మా మనవరాలు, దాని స్నేహితులు బండ్ల కింద పడిన కుక్కలకు వైద్యం చేయించి, ఇల్లు దొరికేదాకా నా వరండాలో ఉంచుతారు. నేనూ పేర్లు పెట్టను. చూడ్డానికి వచ్చినవాళ్లు స్కూటర్ దిగి, ఫోన్లో ఫొటోలు తీసుకుని, "బెల్టు కూడా ఇస్తారా ఆంటీ?" అంటారు. పక్క వీధిలోనే షాపు ఉంది, తెచ్చుకోండి అంటాను. చాలామంది తిరిగి రారు. ఇలాగైతే ఏదీ ఇల్లు చేరదని మనవరాలు నా మీద కస్సుమంటుంది. నేను చిన్నప్పుడు పడిన కోపమే కాబట్టి నాకు నవ్వొస్తుంది. సొంత బెల్టుతో వచ్చినవాళ్ల వెంట కుక్క వెళ్లిపోయిన రోజున మాత్రం నాకు ఇప్పటికీ అన్నం సహించదు. వయసొచ్చింది గానీ ఆ ఒక్కటీ అలవాటు కాలేదు.

ఈమధ్య ఒక నల్లది ఉంది. కుంటిది కావడంతో చాలాకాలంగా ఎవరూ అడగలేదు. నిన్న ఒకాయన వచ్చి, దాని పక్కన కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఫొటో తియ్యలేదు, నన్నేమీ అడగలేదు. వెళ్లేముందు జానతో దాని మెడ చుట్టుకొలత చూసుకున్నాడు. ఆయన గేటు దాటాక, తలుపు పక్కన, విప్పిన బెల్టు తగిలించే మేకు మీద దుమ్ము తుడిచాను.