మా అత్త కలుపు తీసిన సగం చేను

శ్రావణం చివర్లో, బంగారుపేట స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే బావ ఫోన్ చేశాడు. "అమ్మ ఇంగ లేదప్పా. కలుపు తీస్తా తీస్తా చేన్లోనే ఒరిగిపోయింది" అన్నాడు. ఆయన తల్లి నాకు మేనత్త. గౌనిపల్లి పక్కన వానకు పండే రాగిచేను, రాగి మధ్యలో అనపచిక్కుడు సాళ్లు, రెండు ఆవులు, ఇదే ఆమె సంసారం.

కలుపు రోజుల్లో ఊరి ఆడవాళ్లు ఒకరి చేనికి ఒకరు బదులుగా పోయేవాళ్లు. మా అత్త గొంతుక్కూర్చుని ముందు వరస పట్టేది. చేతుల కంటే నోరు వేగం. "చూసి పీకమ్మే! నా అనపచెట్టు పీకితే నీ జడ పీకుతా" అని అరిచేది. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. చలికాలం మొదట కోసిన అనపకాయలు మాత్రం కలుపు తీసిన వాళ్ల ఇళ్లకే పోవాలి. అంతవరకు మా అత్త ఇంట్లో, ఆ గింజలు నానబెట్టి తొక్క పితికి వండే పితికిపప్పు ఉడికేది కాదు. "నడుము వొంచినోళ్లు తినినంక మనం" అనేది.

తరువాత కలుపుమందు వచ్చింది. కూలికి మనుషులు దొరకని ఊళ్లో దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ఒక్కొక్కరే మందుకు మారిపోయారు. ఎవరి చేన్లోనూ కలుపు తీసే పని లేకపోయాక బదులుకు ఎవరొస్తారు? తల్లి మోకాళ్ల నొప్పి చూడలేక ఒక ఏడు బావ కూడా కలుపుమందు కొట్టాడు. ఆ మందు రాగిని ఏమీ చేయదు, వెడల్పాకు ఉన్నదాన్నల్లా చంపుతుంది. అనపాకూ వెడల్పే కదా! వారానికి సాళ్లన్నీ మాడిపోయాయి. మా అత్త కొడుకును ఒక్క మాట అనలేదు. చలికాలంలో నేను పోతే, "ఈ యేడు కలుపు తీసినోళ్లూ లేరు, పెట్టేదానికి కాయలూ లేవు. సరిపోయిందిలేప్పా" అంది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

ఈ ఏడు ఆమె మందు డబ్బాను చేన్లోకి రానివ్వలేదు. ఒంటరిగానే కలుపుకు కూర్చుంది. పాలు పోసి వచ్చాక బావ సాయం పట్టేవాడు. సగం చేను అయింది. ఆ సగం దగ్గరే పోయింది. గట్టు పక్కనే పూడ్చాము. కర్మ ముగిసేసరికి మిగిలిన సగంలో కలుపు రాగిని మించి లేచింది. పిలిస్తే రావడానికి ఎవరూ లేరు. బావ ఏడుస్తూనే అక్కడ కలుపుమందు కొట్టాడు.

పోయిన వారం వెళ్లాను. రాగి కోసేశారు. ఇటు, అత్త కలుపు తీసిన సగంలో అనపచెట్లు పూతా కాయా మీద ఉన్నాయి. అటు సగం ఉత్త కొయ్యకాళ్లు. బావ మొదటి కాయలు తువ్వాలులో కోసుకుని నిలబడిపోయాడు.

"ఇవి ఎవరింటికి ఇయ్యాలప్పా?" అన్నాడు.

 తువ్వాలు మూట కట్టుకుని ఆయనే గట్టు వైపు నడిచాడు. వానలకు మా అత్త సమాధి మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. బావ మూట పక్కన పెట్టి, గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పోచే వేళ్లతో పీకడం మొదలుపెట్టాడు.