దీదీ, రోగి ఎవరు?

నిరుటి సంగతి. ఖరగ్‌పూర్ మలంచాలో మాది ఉమ్మడి కుటుంబం. నా తోటికోడలు లక్ష్మికి ఒకరోజు కడుపునొప్పి, ఇంకోరోజు గుండెదడ. ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. అయినా అత్తగారు ఆమెకు కాళ్లు పట్టేవారు, ఆమె భర్త, మా మరిది, రైల్వే వర్క్‌షాపుకి సెలవు పెట్టేవాడు. వంటింట్లో ఒక్కదాన్నే చాకిరీ చేస్తూ నేను కుళ్లుకునేదాన్ని.

ఓసారి ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. ఏ బాధ ఎంత ఉందో టిక్కు పెట్టమని నర్సు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చింది. లక్ష్మి నీరసంగా ఉందని నేనే చదివాను.

“నడుంనొప్పి?”

“కొంచిమే అక్కా.”

“నాకైతే సానా ఉంది!” అనేసి తర్వాతి ప్రశ్న చదివాను.

“నిద్ర పట్టదా?”

“ఒక్కోపాలి పట్టదు.”

“నాకు అసలే పట్టదు! నన్నెవులైనా అడిగినారేటి?” అని అరిచేశాను.

“దీదీ, ఇద్దరిలో రోగి ఎవరు?” అంది నర్సు. వరండాలో అందరూ నవ్వారు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చేసింది.

లక్ష్మి నవ్వలేదు. నర్సు దగ్గర ఇంకో కాగితం అడిగి తీసుకుని, నా చేతిలోంచి పెన్ను అందుకుంది.

“కూసో అక్కా. ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు సెప్పు.”

పరీక్షల్లో కనబడకపోయినా నొప్పి నొప్పేనని డాక్టరు ఇద్దరికీ చెప్పారు. మా ఇంట్లో ‘నీకెలా ఉంది’ అని నన్ను మొదట అడిగింది మాత్రం, నేను అంతకాలం ఓర్వలేకపోయిన లక్ష్మే.