గ్రాఫిక్స్ కార్డు మీద నా ఫిర్యాదు

కంప్యూటర్ మీద పూల గుడ్డ కప్పి ఉంచి, చెప్పులు గడప బయట విడిచి దాని దగ్గరికి వెళ్ళే కాలం అది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడి మాటకు గల్లీలో ఒక విలువ ఉండేది. దాంట్లో గేములు ఆడేవాడి మాటకు మాత్రం ఏ విలువా ఉండేది కాదు. నేను రెండో రకం. ఇప్పుడు అన్నీ ఫోనులోనే ఆడేసే పిల్లలకు ఇదంతా చెబితే, పాపం పెద్దాయన అన్నట్టు తలూపుతారు (ఆ తలూపడం కూడా నేను గుర్తుపెట్టుకుంటాను). నిజానికి నాకు జ్ఞాపకశక్తి తక్కువే. ఇంటర్లో చదివిన కెమిస్ట్రీ ఒక్క ముక్క గుర్తులేదు. కానీ నన్ను ఎవరు ఏ మాటన్నారో, అనేటప్పుడు ఏ రంగు చొక్కా వేసుకున్నారో అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఆ చొక్కా లేత పసుపు రంగుది. అది వేసుకున్నది కంప్యూటర్ షాపు యజమాని.

మేము పటాన్‌చెరులో ఇండస్ట్రియల్ ఏరియా వెనకున్న గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. బాపు (మా నాన్న) ఇనుము కరిగించి పోత పోసే ఫ్యాక్టరీలో ఫర్నేసు నడిపేవాడు. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మా బావ (అక్క భర్త) తన ఆఫీసులో తీసేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి మాకు తెచ్చిపెట్టాడు. దాంట్లో టైపు చేసుకోవచ్చు, పాటలు వినొచ్చు. కార్ల రేసు పెడితే మాత్రం కారు బురదలో దిగబడ్డ ఎడ్లబండిలా కదిలేది. దీన్ని బాగుచేయించాలా, లేక కొత్తగా వస్తున్న గేమింగ్ లాప్‌టాప్ కొనాలా అని నేను రెండు నెలలు చదివాను. పరీక్షలకు కూడా అంత చదవలేదు. కాలేజీ లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ పత్రికను ఎన్నిసార్లు తీసుకున్నానంటే, చివరికి లైబ్రేరియన్ మేడం, "బాబూ, ఇది నీకే ఉంచుకో, మళ్ళీ మళ్ళీ రాయలేక నా చెయ్యి నొస్తుంది" అన్నారు. బావ మాత్రం లాప్‌టాప్ పక్షం. "బామ్మర్దీ, లాప్‌టాప్ తీస్కో. ఎటన్న వట్కపోవచ్చు, కరెంటు పోయినా నడుస్తది" అన్నాడు. నేను ఎటూ పోయేది లేదు కదా, ఆడేది ఇంట్లోనే కదా అని ఆ సలహాను కొట్టేశాను.

అయినా ఒకసారి అడిగి చూద్దామని బస్టాండు దగ్గర మేడ మీదున్న షాపుకి వెళ్ళాను. యజమానిని అందరూ రూల్సన్న అనేవాళ్ళు. ఏది అడిగినా "దానికొక రూల్ ఉంటది" అని మొదలుపెట్టేవాడు కాబట్టి. "అన్నా, గేమింగ్ లాప్‌టాప్ ఉన్నదా?" అన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "లాప్‌టాప్‌లు ఆఫీసర్లు కొంటరు తమ్మీ. నువ్వేం ఆఫీసర్‌వి?" అన్నాడు. షాపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. (చొక్కా లేత పసుపు అని చెప్పాను కదా.) ఆ తర్వాత ఆయన చెప్పిన ధర వినగానే నాకు కూడా లాప్‌టాప్ మీద ఆశ పోయింది కానీ, ఆ నవ్వు మాత్రం పోలేదు.

సరే, పాతదాన్నే బాగుచేద్దామని నిశ్చయించుకున్నాను. రూల్సన్న ఓ కాగితం మీద వరుసగా రాశాడు. గ్రాఫిక్స్ కార్డు, కొంచెం ర్యామ్, డబ్బాలోని అన్ని భాగాలకూ కరెంటు పంచే కొత్త పవర్ సప్లై, కరెంటు ఆగినా కంప్యూటర్‌ని కాసేపు నిలబెట్టే యూపీఎస్. నేను కాలేజీలో సీనియర్ల దగ్గర ట్రైనింగ్ తీసుకుని వెళ్ళిన మనిషిని. షాపువాళ్ళు అవసరం లేనివి అంటగడతారని, చివర రాసిన రెండూ ఎప్పుడూ అవే అయి ఉంటాయని వాళ్ళు ముందే చెప్పారు. ఆయన పెన్నే తీసుకుని చివరి రెండింటినీ అడ్డంగా కొట్టేశాను. "తమ్మీ, పెద్ద కార్డు వెడితే ఈ రెండు కావాలె. దానికొక రూల్ ఉంటది" అన్నాడాయన. "మాకు పాతవి సరిపోతయన్నా. నన్ను ఎడ్డోణ్ణి చెయ్యకు" అన్నాను. "నువ్వే కొట్టేసినవని సంతకం వెట్టు మరి" అన్నాడు. పెట్టాను. అంత గుండ్రంగా, అంత స్పష్టంగా ఆ తర్వాత నేను ఎక్కడా సంతకం చేయలేదు. బిల్లు కింద "లోపముంటే నెల లోపు మార్చి ఇవ్వబడును" అని ముద్ర ఉంది.

బాపు తన బోనస్‌తో ఇదంతా కొనిచ్చాడు కానీ ఒక షరతు పెట్టాడు. "సూడు, నెల అని రాసిండు గద. గా నెలల మంచిగ నడిస్తే నడిచినట్టు. లేకుంటే కార్డు వాపస్ ఇచ్చి, డబ్బా బావకిచ్చేయ్. ఇగ ఇంట్ల కంప్యూటర్ మాట ఎత్తొద్దు." బాపు మాట ఫ్యాక్టరీ సైరన్ లాంటిది. ఒకసారి వచ్చాక వెనక్కి పోదు.

మొదటి రోజు మధ్యాహ్నం రేసు పెట్టాను. రోడ్డు మీద గడ్డిపరకలు కూడా కనిపించాయి. కారు అద్దంలో మేఘాలు కనిపించాయి. అమ్మని పిలిచి చూపిస్తే, "మన రోడ్డు గూడ గిట్లుంటే ఎంత బాగుండు" అంది. ఇంకొక్క మలుపు తిరిగితే గెలుస్తాననగా తెర నల్లబడి, కంప్యూటర్ దానంతటదే ఆగి, మళ్ళీ మొదట్నించి మొదలైంది. రెండోసారి అంతే. సాయంత్రం మూడోసారి. మర్నాడు డబ్బాని దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని సెవెన్ సీటర్ ఆటోలో షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ రూల్సన్న అదే గేమ్ పెట్టి, గంటన్నర సేపు ఆడాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. పైగా నేను గెలవని రేసు ఆయన గెలిచాడు. గెలిచి, కుర్చీ నా వైపు తిప్పి, షాపంతా వినేటట్టు, "ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదంట తమ్మీ" అన్నాడు.

ఆ మాట నన్ను మనిషిగా నిలబెట్టింది. తిరిగి వచ్చే దారిలోనే రెండొందల పేజీల నోటుబుక్కు కొని, దాంట్లో గీతలు గీసి, తేదీ, ఆగిన సమయం, ఆ సమయానికి కారు ఎక్కడుంది అన్నీ రాయడం మొదలుపెట్టాను. కాలేజీ నుంచి రాగానే పూల గుడ్డ తీయడం, గేమ్ పెట్టడం, ఆగేదాకా ఎదురుచూడడం. ఇప్పుడది ఆట కాదు, డ్యూటీ. ఆగకపోతే నాకు కోపం వచ్చేది. సాక్ష్యం తగ్గిపోతుంది కదా! మంగళవారాలు మాత్రం అది ఒక్కసారి కూడా ఆగేది కాదు. "మంగళారం నేను హనుమాండ్ల గుడికి వోతున్న గద, గందుకే" అంది అమ్మ. "మరి రోజూ పో" అన్నాను. "నీ కార్ల కోసం రోజూ యాడ వోవాలె రా" అంది.

ఆ నెలలో ఆ డబ్బాని నాలుగుసార్లు షాపుకి మోశాను. ఆటోవాడు దానికి వేరే సీటు కిరాయి అడిగాడు (వాడి మొహం కూడా గుర్తుంది). నాలుగుసార్లూ షాపులో అది బుద్ధిమంతుడిలా నడిచింది. మా మేనత్త కోడలిని పుట్టింట్లో చూసిన వాళ్ళెవరూ మా మేనత్త మాట నమ్మనట్టే, షాపులో దాన్ని చూసిన వాళ్ళెవరూ నా మాట నమ్మలేదు. ఇరవై ఆరో రోజున మూడు పేజీల ఫిర్యాదు రాసుకుని వెళ్ళి, నిలబడి, మొత్తం చదివాను. సంగారెడ్డికి పోయి వినియోగదారుల కోర్టులో కేసు వేస్తానని చివర్లో ఉంది. రూల్సన్న అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎల్లుండి మీ ఇంటికొస్త తమ్మీ. నా కండ్ల ముంగట ఆగిందనుకో, కొత్త కార్డు నీ చేతుల వెడ్త" అన్నాడు.

ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. కొత్త కార్డు డబ్బా కూడా సంచిలో తెచ్చాడు. ఆ సంచిని చూసి నా గుండె నిండింది. బాపుకి ఆ వారం పొద్దుటి షిఫ్టు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు, గోడకానుకుని చాయ్ తాగుతూ. నేను గేమ్ పెట్టాను. నలుగురం తెర ముందు కూర్చున్నాం. పావుగంట గడిచింది. ఆగలేదు. అరగంట గడిచింది. ఆగలేదు. ఆగవే తల్లీ, ఆగవే అని మనసులో మొక్కుకుంటూ జీవితంలో మొదటిసారి అన్ని మలుపులూ దాటేస్తున్నాను. ఇక గెలిచేస్తానేమోనని భయం పట్టుకుంది. అప్పుడు ఆగింది.

"సూసినవా అన్నా!" అని గంతేశాను. "ఇగ తియ్ కార్డు!"

రూల్సన్న తెర వైపు చూడటం లేదు. పైకి, ట్యూబులైటు వైపు చూస్తున్నాడు. "గా లైటేంది, గట్ల గుంజుకపోయింది?" అన్నాడు.

"ఏ లైటు?" అన్నాం ముగ్గురం ఒకేసారి.

"గిదే. సగం ఆరి మళ్ల వెలిగింది గద! ఫ్యాన్ గూడ మెల్లగయింది."

"గదేనా?" అంది అమ్మ తేలిగ్గా. "గది గట్లనే అయితది అన్నా. మేమీ ఇంట్లకొచ్చినప్పటి నుంచి అంతే. ఈ గల్లీ మొత్తం గట్లనే."

నిజం చెబుతున్నాను, ఆ లైటు రోజూ కళ్ళార్పుతుందని నాకు అంతవరకు తెలియదు. అంటే చూస్తూనే ఉన్నాను, కానీ మన రెప్పపాటు మనకు తెలియనట్టే తెలియలేదు. లైటంటే అలాగే వెలుగుతుందనుకున్నాను. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, గోడ గడియారం చూశాడు. "రెండో హీటు ఎక్కిచ్చిండ్రు" అన్నాడు తనలో తను అనుకున్నట్టుగా. ఒకసారి ఫర్నేసు నింపి ఇనుము కరిగించడాన్ని వాళ్ళు హీటు అనేవాళ్ళు. దానికి కరెంటు పూర్తిగా ఇచ్చినప్పుడు చుట్టుపక్కల అందరి కరెంటూ ఒక్క క్షణం గుటక వేసేది. "ఏదీ, నీ బుక్కు ఇటియ్యి" అన్నాడు.

ఇచ్చాను. బాపు వేలు పెట్టి మెల్లగా చదివాడు. "మూడు నలభై... ఐదు ఇరవై... ఏడు. ఇవి మా టైములే. మంగళారం లేదు. మంగళారం మాకు సెలవు గద." పేజీ తిప్పాడు. "పోయిన వారం మధ్యాహ్నం షిఫ్టుల నేనే ఉన్న. బుధవారం నాలుగుం పావు... గారోజు మాల్ ఎక్కువుండె, పవర్ ఒక్కసారే ఇచ్చిన." తలెత్తి నా వైపు చూసి, కొంచెం సిగ్గుపడ్డట్టుగా నవ్వాడు. "గా వారం గీతలన్ని నేనే కొట్టిన రా."

రూల్సన్న సంచిలోంచి కార్డు తీయలేదు. నా సంతకమున్న కాగితం తీశాడు. అందులో అడ్డగీత కింద రెండు పేర్లు ఇంకా చక్కగా చదవొస్తున్నాయి. పాత పవర్ సప్లై, బక్క ప్రాణం. కొత్త కార్డు పూర్తి బలంతో పనిచేస్తున్నప్పుడు కరెంటు కొంచెం తగ్గినా నిలబడలేకపోయేది. యూపీఎస్ ఉంటే ఏమీ అయ్యేది కాదు. అప్పుడాయన నన్ను ఎగతాళి చేసి ఉంటే నాకు ఇంకొక ఫిర్యాదు దొరికేది. చేయలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు. నేనే ఊరుకోలేక, "మరి మద్దెల అన్నవు గద అన్నా, అందరి ముంగట?" అన్నాను. "సరే తమ్మీ, మద్దెల మంచిదే, ఆటా మంచిదే. ఇల్లే జెర వేడి మీదున్నది" అన్నాడు. (దీన్ని నేను క్షమాపణగా లెక్కవేసుకున్నాను. ఆయన అలా అనుకున్నట్టు లేదు.)

ఆయన వెళ్ళాడు. నెలకి ఇంకా రెండే రోజులున్నాయి. షరతు గుర్తొచ్చి, నేను డబ్బా వైర్లు ఒక్కొక్కటే పీకుతున్నాను. "ఏంజేస్తున్నవ్?" అన్నాడు బాపు. "బావకిస్త" అన్నాను. "పెట్టు పెట్టు. కార్డుల లోపముంటే అన్న. ఫర్నేసుల లోపముంటే అన్ననా?" అన్నాడు. బాపు తన మాటను వెనక్కి తీసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టు పడ్డప్పటి నుంచి, డ్యూటీకి పోయేముందు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ చెప్పేవాడు. "ఇయ్యాల మూడున్నరకు ఒకటి, ఐదుంబావుకు ఒకటి. గా లోపల నీ రేసు ఖతం జేస్కో." నేను మూడుంబావుకే కారు పక్కకు ఆపి, చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. ట్యూబులైటు ఒకసారి కుంగి లేచేది. బాపు మొదలుపెట్టాడన్నమాట అనుకుని మళ్ళీ ఆడేవాణ్ణి. మరుసటి ఏడు కొత్త పవర్ సప్లై, యూపీఎస్ వచ్చాయి. అప్పటి నుంచి లైటు కుంగినప్పుడల్లా యూపీఎస్ కుయ్యిమని కూసేది. ఆఖరి కూత వినగానే అమ్మ ఎసరు పెట్టేది. బాపు వచ్చేసరికి అన్నం వేడిగా ఉండేది.

కొన్నేళ్ళకి ఫ్యాక్టరీలకు వేరే లైను వేశారు. మా గల్లీ కరెంటు ఒక్కసారిగా నిలకడగల పెద్దమనిషి అయిపోయింది. గల్లీలో అందరూ సంతోషపడ్డారు. నేనొక్కణ్ణే మూడున్నరకి తలెత్తి, కదలని లైటుని చూసి, ఏదో తక్కువైనట్టు వీధిలోకి వెళ్ళి, స్తంభం మీదున్న లైన్‌మన్‌ని అడిగాను. "అన్నా, మాకు మునుపటి లైనే ఉంచరాదా?"

ఆయన పైనుంచి నన్ను ఎగాదిగా చూశాడు. "కరెంటు మంచిగొస్తే గూడ కంప్లైంటేనా తమ్మీ?" అన్నాడు. ఆయన చొక్కా ఏ రంగుదో, ఎంత ఆలోచించినా, గుర్తు రావడం లేదు.