బసవపున్నయ్యగారి ఎనిమిది ట్యాంకులు

కొత్తది ఏదైనా సరే, మచ్చిక చేయకుండా వాడకూడదన్నది బసవపున్నయ్యగారి పట్టుదల. కొత్త చెప్పులు కొన్నారంటే మొదటి వారం అవి గడప దాటవు. కొత్త కుక్కరు మూడు రోజులు ఉత్తి మంచినీళ్లే ఉడికిస్తుంది. ఇక జూన్ నెలలో, ఢిల్లీ ఎండకి కాకులు కూడా కనబడని రోజుల్లో కొత్త ఫ్యాను బిగించి, దాన్ని వారం పాటు ఒకటో నంబరు దాటనివ్వలేదు మహానుభావుడు.

"ఏవండీ, మనుషులం ఉడికిపోతున్నాం. రెండో నంబరన్నా పెట్టండి," అని భార్య సుభద్ర మొత్తుకుంది.

"దానికింకా మన ఇల్లు అలవాటు కాలేదోయ్. తొందరపెడితే బెంగెట్టుకుంటుంది," అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

అలాంటి మనిషి చేతికి 1999 జనవరిలో సింగపూర్ నుంచి ఒక నైట్రో ఇంజను వచ్చింది. రిమోటుతో నడిచే బొమ్మకారుకి బిగించేది. అరచేతిలో ఇమిడిపోతుంది, అరుపు మాత్రం లారీ అంత ఉంటుంది. ఢిల్లీని ఆనుకునున్న వైశాలిలో వాళ్లుండే భవనంలో ఆ ఇంజను గురించి వినని వాళ్లు లేరు. గ్యాసు బండ తెచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి చెప్పేవారు.

"కొత్త ఇంజన్లో పిస్టను బిగుసుకుని ఉంటుంది నాయనా. ఎనిమిది ట్యాంకుల ఇంధనం మెల్లమెల్లగా తాగించాలి. ముందు మర వదులుగా పెట్టి ఇంధనం దండిగా వెళ్లనివ్వాలి. ట్యాంకు ట్యాంకుకీ రవ్వంత బిగించాలి. మధ్యలో పూర్తిగా చల్లారనివ్వాలి!"

కింద వాటాలో చడ్డాగారికీ అలాంటి ఇంజనే ఉంది. ఆయన మొదటి రోజే దాన్ని ప్రాణం పోయేట్టు పరిగెత్తించాడు. తెలుగువాళ్లందరూ ఆయనకి 'రావ్'లే. "ఓ రావ్ సాహబ్! ఇంజన్ హై, దుల్హన్ నహీ! ఫుల్ రేస్ దో!" అని, ఇంజన్ని కొత్త పెళ్లికూతురిలా చూసుకుంటున్నారని ఎగతాళి చేసి, ముప్పై ఒకటో తారీఖు ఆదివారం పందేనికి రమ్మన్నాడు.

ఆ వారమే తెనాలి నుంచి సాయిసుధ వచ్చింది. సుభద్రకి అక్క కూతురు. మూడు పరీక్షలు గట్టెక్కి, కన్నాట్ ప్లేస్‌లో కంప్యూటరు ఉద్యోగం తెచ్చుకుంది. ఫిబ్రవరి ఒకటిన చేరాలి. ఆఫీసు చూసొద్దామని రెండో రోజే బస్సెక్కితే కండక్టరు ఏదో గట్టిగా అరిచాడు. భయపడి ఎక్కడో దిగిపోయింది. రెండు గంటలు తిరిగి తిరిగి ఇల్లు చేరింది.

"నావల్ల కాదు పిన్నీ! ఆ హిందీ, ఆ బస్సులు... నాకొద్దీ ఉద్యోగం. తిరుగు టిక్కెట్టు తీయించు," అని బావురుమంది.

బాల్కనీలో బసవపున్నయ్యగారు సుభద్ర జుట్టారబెట్టుకునే మిషనుతో ఇంజనుకి వేడిగాలి పడుతున్నారు. చలికాలం కదా, దానికి పడిశం పడుతుందని. తల తిప్పకుండానే అన్నారు: "అలాగే తల్లీ, ముప్పై ఒకటిన తీద్దాం. ఈలోపు ఈ ఇంజను పనిలో కాస్త సాయపడు."

సాయిసుధకి ఒళ్లు మండింది. తన బతుకు అటో ఇటో అయిపోతుంటే ఈయనకి బొమ్మకారు ముఖ్యమా!

మర్నాడు డాబా మీద మొదటి ట్యాంకు. తాడు లాగితే ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆముదం కంపు కొట్టే పొగ వదిలింది. "గుడ్డముక్క కావాలమ్మా. వీధి చివర దర్జీ ఉన్నాడు. 'భయ్యా, కప్డా దేనా' అను, చాలు."

ఆమె తెచ్చింది. ఆయన ఇంజను ఆపి, గ్లాసులో వేలు ముంచి దాని నెత్తిన ఒక నీటిచుక్క వేశారు. "చుయ్‌మని ఎగిరిపోతే వేడెక్కినట్టు. మెల్లగా ఆరితే సుఖంగా ఉన్నట్టు. ఇవాళ్టికి చాలు. చల్లారాలి."

రెండు రోజులు విశ్రాంతి. రెండో ట్యాంకుకి పక్క సెక్టారులో స్కూటరు మెకానిక్ దగ్గర్నుంచి రబ్బరు గొట్టం. మూడో ట్యాంకుకి బస్సెక్కి ఆనంద్ విహార్ వెళ్లి నాలుగు మరలు. నాలుగో ట్యాంకుకి లక్ష్మీనగర్ నుంచి దారం.

"మీకు అన్నీ ఒక్కసారే గుర్తురావా బాబాయ్?" అని సాయిసుధ విసుక్కుంది.

"వయసమ్మా, వయసు," అన్నారాయన, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

అయిదో ట్యాంకు నాడు, ఇంజన్లో నిప్పు పుట్టించే చిన్న ప్లగ్గు కోసం ఏకంగా కరోల్ బాగ్ పంపారు. కన్నాట్ ప్లేస్‌లో బస్సు మారాలి. సాయంత్రం ఆమె రుసరుసలాడుతూ వచ్చింది.

"స్టాపు వచ్చినా కండక్టరు ఆపడే! 'రోకో బోలా నా, సునాయీ నహీ దేతా?' అని దులిపేశాను."

"ఆపాడా?"

"ఆపక ఛస్తాడా!"

బసవపున్నయ్యగారు ఇంజను మర రవ్వంత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని, "ఆహా, ఇప్పుడు శబ్దం కుదిరింది," అన్నారు. అప్పుడు ఇంజను నడవడమే లేదన్న సంగతి ఆ కోపంలో ఆమెకి తట్టలేదు.

ముప్పై ఒకటిన ఖాళీ స్థలంలో పందెం. తీరా మొదలయ్యే ముందు బసవపున్నయ్యగారి ఇంజన్లో ప్లగ్గు మాడిపోయింది. "సుధా, పరుగెత్తమ్మా! నా టేబులు సొరుగులో..." అని నాలిక్కరుచుకున్నారు. "సొరుగు కాదు! మీ పిన్నినడుగు!"

సాయిసుధ అప్పటికే ఇంటికి లగెత్తింది. సొరుగు లాగింది. దర్జీ ఇచ్చిన గుడ్డ మడత విప్పలేదు. గొట్టం చుట్ట చుట్టినట్టే ఉంది. మరల పొట్లం, దారపు ఉండ, కరోల్ బాగ్ ప్లగ్గు, దేన్నీ ఆయన తాకనైనా తాకలేదు. వాటి వెనక ఇంజనుతో పాటే సింగపూర్ నుంచి వచ్చిన డబ్బా. అందులో డజను ప్లగ్గులు, బారెడు గొట్టం, బోలెడన్ని మరలు!

కోపం రావాలి. రాలేదు. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే బాబాయి మీద చెప్పలేనంత ప్రేమ ముంచుకొచ్చింది.

ప్లగ్గు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "బాబాయ్, నా తిరుగు టిక్కెట్టు తీశారా?"

"అయ్యో, మర్చిపోయానమ్మా!"

"వయసా?"

"వయసే," అన్నారు ప్లగ్గు బిగిస్తూ, తలెత్తకుండా.

పందెంలో చడ్డాగారి కారు పది చుట్లూ ముగించేసరికి బసవపున్నయ్యగారిది మూడో చుట్టులో షికారు చేస్తోంది. "ఫుల్ దో, రావ్ సాహబ్!" అని జనమంతా అరిచారు. "ఆరో ట్యాంకండీ, ఇవ్వకూడదు," అని ఆయన హాయిగా ఓడిపోయారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సాయిసుధే.

సోమవారం పొద్దున ఆమె ఒక్కతే బస్సెక్కి ఆఫీసుకెళ్లింది, సాయంత్రం ఒక్కతే తిరిగొచ్చింది. గుమ్మంలోనే మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉన్నారు బసవపున్నయ్యగారు. దాహానికిస్తారేమోనని ఆమె చెయ్యి చాపింది. ఆయన గ్లాసులో వేలు ముంచి, ఆమె నుదుటి మీద ఒక చుక్క వేసి, కళ్లజోడు సర్దుకుని పరీక్షగా చూశారు.

"భేష్! వేడెక్కలేదు."

"అయితే రేపట్నించి ఫుల్ ఇచ్చేయొచ్చా బాబాయ్?"

"తప్పు తప్పు! ఇంకా రెండు ట్యాంకులున్నాయి. లోపలికొచ్చి చల్లారు," అని ఫ్యాను స్విచ్చు వేయబోయి, చలికాలమని గుర్తొచ్చి మానేశారు.