తీపి వద్దన్న బొద్దింక

నిజాంపేట హాస్టళ్లలో బొద్దింకల మందు పెట్టే సాయిలుకు తొందరన్నది తెలియదు. సింకు కింద, గ్యాసు బండ వెనక మోకాళ్ల మీద వంగి, అగ్గిపుల్ల తలంత తీపి మందును చుక్క చుక్కగా పెడతాడు. పెట్టాక టార్చి వేసి, పెళ్లి పంక్తిలో మేనమామలా ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో కనిపెట్టుకుని కూర్చుంటాడు. నిన్న పొద్దున ఒక హాస్టల్ వంటింట్లో ఒక బొద్దింక చుక్కదాకా వచ్చి, మీసాలు ఆనించి, వెనక్కి తిరిగిపోయింది. దాని వెనకున్న పిల్లలూ అంతే. వాటికెవరూ నేర్పలేదు. తీపి గిట్టనివే మందు ముట్టక బతికాయి, ఆ గుణమే పిల్లలకు పుట్టుకతో వచ్చింది. పరకాల దగ్గర తమ పత్తి చేలో గులాబీ పురుగూ ఇలాగే మందుకు లొంగకుండా పుట్టుకొస్తే, అతని అన్న కొమురయ్య మోతాదు రెట్టింపు చేసి కొట్టాడు. పురుగు చేలోనే ఉంది. ఆ మందు గాలి పీల్చి అన్న పోయాడు.

"ఏంది సాయిలన్నా, అది మీ సుట్టమా? గట్ల సూస్తున్నవ్," అంది వంటచేసే భాగ్యమ్మ, బియ్యం కడుగుతూ.

"సుట్టమే అక్కా. మా ఊర్లె సూసిన."

"అయితే స్ప్రే మందు డబల్ కలిపి కొట్టు. నూరు మంది పిల్లలు తినేటి జాగ ఇది."

సాయిలు పంపులో ఒక మూత మందు పోశాడు. రెండో మూత నింపబోయి ఆగాడు. తడి బియ్యం వైపు చూసి డబ్బా మూసేశాడు.

"గందుకే కొట్టనక్కా. ఆ చీపురియ్యి."

పదకొండింటిని చీపురుతోనే చంపాడు. పన్నెండోది గుడ్ల సంచి మోసుకుంటూ గోడ పగులులోకి దూరింది. అన్నం ఉడికి, పిల్లలు కంచాలతో వచ్చి నిలబడినా, సాయిలు ఆ పగులు మీది నుంచి టార్చి తీయలేదు.